లండన్‌లో నెల ఖర్చు: పర్లాకిమిడిలో ఉండగానే పద్దు ఎలా రాసుకోవాలి

మా నాన్నది ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో జీడిపిక్కల వ్యాపారం. కొండ ఊళ్ల నుంచి దిగే పిక్కలు కొని పలాస పంపుతారు. చేతికి డబ్బొచ్చేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మిగతా తొమ్మిది నెలలూ ఇల్లు ఆ డబ్బుతోనే గడవాలి. 2024 సెప్టెంబర్‌లో ఏడాది మాస్టర్స్‌కి నేను లండన్ బయల్దేరేముందు ఆయన అడిగింది ఒకటే: "నెలకి ఎంతవుతుందో ఒక్కసారే చెప్పు. ఎంతైనా చూసుకుంటాను. నెలనెలా కొత్త లెక్క చెప్పకు."

నేను కనుక్కుని ఒక సంఖ్య చెప్పాను. అది తప్పైంది. వీసాకి చూపించే డబ్బు ఒకటి, మొదటి నెల ఖర్చు ఇంకొకటి, మామూలు నెల ఖర్చు వేరొకటి. చదువు అయిపోయే నెలకి మళ్లీ ఇంకో లెక్క ఉంది, దాని గురించి నాకు ఎవరూ చెప్పలేదు. బరంపురం, గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి నుంచి వెళ్లే పిల్లల ఇళ్లలో నెల జీతం కంటే పంట, వ్యాపారం మీద వచ్చే డబ్బే ఎక్కువ. అందుకే "నెలకి ఇంత" అనే ఒక్క ముక్కతో మనకి పని జరగదు. ఒక నోటు పుస్తకం తీసుకుని నాలుగు పేజీలు విడిగా పెట్టుకోండి. యూనివర్సిటీ ఫీజు ఈ నాలుగింటిలో దేనిలోనూ కలపకండి. దానికి వేరే పుస్తకం పెట్టుకోవాలి.

మొదటి పేజీ: చూపించే డబ్బు

లండన్‌లో చదివేవాళ్లు అక్కడ బతకడానికయ్యే ఖర్చుకి నెలకి ఇంత చొప్పున తొమ్మిది నెలల డబ్బు ఉందని బ్రిటన్ ప్రభుత్వానికి చూపాలి. నేను వెళ్లినప్పుడు అది నెలకి 1,334 పౌండ్లు. 2025 జనవరి 2 నుంచి 1,483 చేశారు, 2025 నవంబర్ 11 నుంచి 1,529. తొమ్మిది నెలలకి 13,761 పౌండ్లు. ఈ సంఖ్య ఏడాదిలోనే రెండుసార్లు మారింది కాబట్టి అప్లికేషన్ పెట్టే వారంలో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మళ్లీ చూసుకోండి.

ఈ డబ్బు ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి, మధ్యలో ఒక్కరోజు కూడా తగ్గకూడదు. ఆ 28వ రోజుకీ అప్లికేషన్ రోజుకీ మధ్య 31 రోజులు దాటకూడదు. అమ్మానాన్నల ఖాతా చూపొచ్చు. కానీ వాళ్ల సమ్మతి లేఖ, మీరు వాళ్ల బిడ్డేనని తెలిపే బర్త్ సర్టిఫికెట్ కావాలి.

మన సరిహద్దు ఊళ్లవాళ్లకి చిక్కొచ్చేది ఇక్కడే. నా బర్త్ సర్టిఫికెట్ ఒడియాలో ఉంది. అందులో నాన్న పేరుకి ఇంటిపేరు చివర ఉంది. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ముందు ఒక పొడి అక్షరంగా ఉంది. నా పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంది. మనకి చూస్తే మూడు కాగితాల్లో ఉన్నదీ ఒకే ఇంటివాళ్లని తెలిసిపోతుంది. కాగితం చూసే అధికారికి ఎలా తెలుస్తుంది? 28 రోజుల లెక్క మొదలుపెట్టక ముందే పేర్లు ఒకే తీరుగా ఉండేట్టు సరిచేయించుకోండి. ఒడియా కాగితాలకి ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం చేయించండి. దీనికి నాకు ఆరు వారాలు పట్టింది.

ఇంకో మాట. ఈ 1,529 వీసా కోసం పెట్టిన కొలత మాత్రమే. మీ ఖర్చు దీనికంటే తక్కువ కావచ్చు, ఎక్కువ కావచ్చు. వీసా వచ్చేసిన తర్వాత ఈ పేజీ మడిచేయండి.

రెండో పేజీ: మొదటి నెల

మొదటి నెలకి మామూలు నెల కంటే రెండింతలు పైనే అవుతుంది. నాకు అయిన ఖర్చు పౌండ్లలో ఇది. గది దొరికేదాకా ఏడు రాత్రుల బస 250. గది డిపాజిట్ 519. మొదటి నెల అద్దె 450. దుప్పటి, తలగడ, గిన్నెలు, చిన్న కుక్కర్ కలిపి 70. చలికోటు, బూట్లు 60. తిండి, బస్సు, ఫోను, చిల్లర ఖర్చులు 271. కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్‌లో నా వాటా 45. మొత్తం 1,665. పౌండు 120 రూపాయలు అనుకుంటే రెండు లక్షలకి రెండు వందలు తక్కువ.

చలికోటు ఇక్కడ కొనకండి. విశాఖలో కొన్న జాకెట్టు లండన్ నవంబర్ గాలికి ఆగలేదు. అక్కడ చారిటీ షాపులని ఉంటాయి, వాడిన మంచి కోట్లు 15, 20 పౌండ్లకి దొరుకుతాయి. కుక్కర్ మాత్రం ఇక్కడి నుంచే పట్టుకెళ్తే బాగుండేదనిపించింది.

పెట్టెలో బరంపురం అప్పడాలు, వడియాలు, ఆవకాయ, కారప్పొడి, చారుపొడి పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, మాంసంతో చేసిన పచ్చళ్లు వద్దు. పాలతో, మాంసంతో చేసినవి మన దేశం నుంచి బ్రిటన్‌లోకి తీసుకెళ్లకూడదు. అమ్మ కష్టపడి కాచిన నెయ్యి విమానాశ్రయంలో పారేయించుకోవడం కంటే ఇంట్లో వదిలేసి వెళ్లడం నయం.

పళ్లు, కళ్లు బయల్దేరేముందే చూపించుకోండి. వీసాతోపాటే ఆరోగ్య సర్‌చార్జి కడతారు. విద్యార్థులకి ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది కోర్సుకి 16 నెలల వీసా ఇస్తారు, దానికి 1,164 అవుతుంది. ఆ డబ్బుతో డాక్టరు దగ్గరికి ఉచితంగా వెళ్లొచ్చు. పంటి పనికి మాత్రం విడిగా కట్టాలి. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వ రేటుకే ఒక పన్ను పూడ్చడానికి 75.30 పౌండ్లు ఉండేది. పైగా ఆ రేటుకి చూసే డెంటిస్టు దొరకడం కష్టం. మందుల చీటీలో ఒక్కో మందుకి 9.90. కళ్లజోడు మాత్రం రెండు చేయించుకుని వెళ్లండి.

గది: ఇక్కడ తొందరపడితే ఏడాదంతా బాధపడాలి

మొత్తం ఖర్చులో సగానికి పైగా అద్దెకే పోతుంది. అందుకే ఎక్కువ సమయం దీనిమీదే పెట్టండి. యూనివర్సిటీ హాస్టల్ గదులు వారానికి 200 నుంచి 300 పౌండ్లు, ఇంకా పైన కూడా ఉన్నాయి. లండన్‌లో అద్దె వారానికి చెప్తారు. నెలకి ఎంతో తెలియాలంటే దాన్ని నాలుగుతో కాదు, 52తో గుణించి 12తో భాగించాలి. వారానికి 200 అంటే నెలకి 800 అనుకుంటాం. నిజానికి 867. ఆ 67 ఏడాదికి 800 అవుతుంది.

మనవాళ్లు ఎక్కువగా ఉండేది ఈస్ట్ హామ్, ఇల్‌ఫోర్డ్, హౌన్‌స్లో, వెంబ్లీ వైపు. నేను ఈస్ట్ హామ్‌లో ఇద్దరం ఉండే గదిలో నా వాటాగా 450 కట్టాను. ఒక్కరే ఉండే గది ఆ వీధిలోనే 800 అడిగారు. సరిహద్దులో పెరిగినందుకు మనకి ఒక మేలు ఉంది: తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ, ఒడియావాళ్ల గ్రూపుల్లోనూ గది వెతుక్కోవచ్చు. నాకు చివరికి గది దొరికింది ఒడియా కుటుంబం ద్వారానే. రెండు గ్రూపుల్లోనూ అడగండి.

కానీ ఎవరు చెప్పినా గది చూడకుండా డబ్బు పంపకండి. పర్లాకిమిడిలో ఉండగానే ఒక గది ఫొటోలు చూసి, "ఇవాళ కట్టకపోతే పోతుంది" అంటే 200 పౌండ్లు పంపాను. ఆ అడ్రసులో ఇల్లుంది, గది మాత్రం లేదు. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఇది నాన్నకి చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. మొదటి వారం తాత్కాలిక బసకి పెట్టిన 250 ఎక్కువనిపించొచ్చు, కానీ గది కళ్లతో చూసి తీసుకోగలిగేది దానివల్లే.

గది చూసినప్పుడు ఈ విషయాలు వరసగా అడగండి. అగ్రిమెంటులో నా పేరు ఉంటుందా? ఇల్లు మొత్తం తన పేరున తీసుకుని గదులు పంచే సీనియర్ అయితే, ఇంటి ఓనరు అనుమతి ఉందా? డిపాజిట్ ఎంత? ఇంగ్లండ్ చట్టం ప్రకారం మామూలు అద్దె ఇంటికి ఐదు వారాల అద్దె కంటే ఎక్కువ డిపాజిట్ తీసుకోకూడదు. గది పట్టి ఉంచడానికి ఇచ్చే అడ్వాన్సు ఒక వారం అద్దె దాటకూడదు. డిపాజిట్‌ని ఓనరు 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ రక్షణ పథకంలో వేయాలి, ఆ వివరాలు మీకు ఇవ్వాలి. ఇంతకుముందు, అక్కడ హామీ ఇచ్చేవాళ్లు లేని మనలాంటివాళ్లని ఆరు నెలల అద్దె ఒకేసారి అడిగేవాళ్లు. 2026 మే 1 నుంచి కొత్త అద్దె చట్టం ప్రకారం మామూలు అద్దె ఇళ్లకి ఒక నెలకి మించి ముందుగా అడగకూడదు. ఈ మాట తెలిసి ఉంటే కనీసం బేరమాడగలరు.

బిల్లులు అద్దెలో కలిసి ఉన్నాయా అని తప్పకుండా అడగండి. లేకపోతే జనవరి గ్యాస్ బిల్లు మీరు ఊహించని రకంగా వస్తుంది. మా ఇంట్లో ఐదుగురం. అక్టోబర్‌లో నా వాటా 45 ఉన్నది చలికాలంలో 60 అయింది.

ఇంకొకటి కౌన్సిల్ ట్యాక్స్, అంటే అక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్ వేసే ఇంటి పన్ను. ఇంట్లో అందరూ పూర్తికాలం విద్యార్థులైతే ఇది లేదు. దానికి యూనివర్సిటీ నుంచి సర్టిఫికెట్ తీసుకుని కౌన్సిల్‌కి పంపాలి. కానీ ఇంట్లో ఒక్కరు చదువు అయిపోయి ఉద్యోగంలో చేరినా ఆ మినహాయింపు పోతుంది. అలాంటివారు ఒక్కరే ఉంటే బిల్లులో 25 శాతం తగ్గిస్తారు. చట్ట ప్రకారం ఆ బిల్లు చదువుకునేవాళ్ల మీద పడదు. అయినా మా ఇంట్లో అందరం పంచుకోవాలన్న మాట వచ్చింది, మార్చిలో దానిమీద చిన్న గొడవ కూడా అయింది. చేరిన రోజే ఈ మాట తేల్చుకోండి. లైవ్ టీవీ చూస్తే లైసెన్సు ఉంది, 2025లో 174.50 పౌండ్లు. టీవీ జోలికి పోకండి.

మూడో పేజీ: మామూలు నెల

2024 నవంబర్‌లో నా పద్దు ఇది: అద్దె 450, బిల్లులు 60, బస్సు 66, తిండి 140, ఫోను 10, సబ్బులు, బట్టలుతుకు 15, బయట టీ, ఒకటి రెండు భోజనాలు, జుట్టు కత్తిరింపు 40. మొత్తం 781. మీరు వెళ్లేనాటికి దీనికి పది శాతం కలుపుకోండి. ఒక్కరే ఉండే గది కావాలంటే ఇంకో 350 కలపండి.

బస్సు సంగతి. లండన్‌లో బస్సుకి నేనున్నప్పుడు 1.75. మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ కట్టక్కర్లేదు. నెల పాసు 95కి కొంచెం తక్కువ. విద్యార్థి ఆయిస్టర్ కార్డుతో (లండన్ బస్సు, రైళ్లకి వాడే కార్డు) 30 శాతం తగ్గి 66 పడింది. ఈ తగ్గింపు పాసులకే, విడి టికెట్లకి కాదు. ముందు మీ టైంటేబుల్ చూడండి. వారానికి మూడు రోజులే క్లాసులుండి, రానూపోనూ రెండు బస్సులే అయితే నెలకి 46 లోపే, పాసు దండగ. ట్యూబ్ (భూగర్భ) రైలు అలవాటు చేసుకుంటే మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది. నాకు బస్సులో గంటా పది నిమిషాలు పట్టేది, ఆ సమయంలోనే చదువుకునేదాన్ని.

తిండికి 140 సరిపోతుంది, ఇంట్లో వండుకుంటేనే. పది కిలోల సోనా మసూరి బస్తా ఈస్ట్ హామ్‌లో 18 పౌండ్లకి కొన్నాం, ఇద్దరికి నెల పైన వచ్చేది. కందిపప్పు, చింతపండు, నూనె మన దుకాణాల్లో, పాలు, గుడ్లు, కూరగాయలు ఆల్డీ, లిడిల్ సూపర్ మార్కెట్లలో. పాలు రెండు లీటర్ల పైచిలుకు క్యాను 1.45. రాత్రి ఏడు దాటాక సూపర్ మార్కెట్లలో గడువు దగ్గరపడ్డ సరుకుకి పసుపు చీటీ అంటించి తక్కువకి ఇస్తారు. మంచి సరుకే, ఆ రాత్రికో మర్నాటికో వండేసుకోవాలి.

నన్ను ఆదుకున్నది మన దాల్మా. పప్పు, గుమ్మడి, వంకాయ, అరటికాయ, దొరికిన కూరగాయ ఏదైనా ఒకే గిన్నెలో ఉడికించి పైన జీలకర్ర, ఎండుమిర్చి పోపు. లండన్‌లో అరటికాయ ఖరీదు కాబట్టి గడ్డకట్టించిన కూరగాయల సంచి వాడాను. ఆదివారం ఒక పెద్ద గిన్నెడు చేస్తే బుధవారం దాకా మధ్యాహ్నం డబ్బాకి వచ్చేది. డబ్బా తీసుకెళ్లని రోజు శాండ్‌విచ్, చిప్సు, డ్రింకు కలిపిచ్చే మీల్ డీల్‌కి నాలుగు పౌండ్లకి దగ్గరవుతుంది. వారానికి ఐదు రోజులు అలా తింటే నెలకి 80 అదనం. మా ఇంట్లో కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ డబ్బు జారిపోయింది అక్కడే.

పని డబ్బు: పద్దులో ఎప్పుడు రాయాలి

జనవరి దాకా రాయకండి. గట్టిగా చెప్తున్నాను. పని దొరకడానికి ఆరేడు వారాలు, దొరికాక మొదటి జీతం పడడానికి ఇంకో నెల. క్రిస్మస్ ముందు తీసుకున్న చాలామందిని జనవరిలో తీసేస్తారు కూడా.

డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకి టర్మ్ (చదువు కాలం) నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. ఒక వారం 15 చేశాను కాబట్టి వచ్చే వారం 25 చేస్తానంటే కుదరదు. ఇంకో విషయం చాలామందికి తెలీదు: మాస్టర్స్ వాళ్లకి వేసవి సెలవు కాదు, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) రాసే కాలం. అదీ టర్మ్ కిందికే వస్తుంది. మీ కోర్సు టర్మ్ తేదీలు యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకుని దగ్గర పెట్టుకోండి. స్వయం ఉపాధి ఈ వీసా మీద లేదు. ఇంకొకరి పేరున ఉన్న ఖాతాతో తిండి డెలివరీ చేయడం వీసాకే ముప్పు. డబ్బు ఎంత అవసరమైనా ఆ పని చేయొద్దు.

21 ఏళ్లు నిండినవాళ్లకి 2025 ఏప్రిల్ నుంచి కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 12.71. వారానికి 20 గంటలు చేస్తే పాత రేటుకి 244. ప్రతి వారం పని ఉంటేనే ఆ లెక్క. నాకు సగటున 14 గంటలే దొరికాయి. నా పద్దులో ఆ డబ్బు అద్దె, బస్సులకి వెళ్లింది, ఇంటి నుంచి వచ్చిన డబ్బు మిగతావాటికి.

ఇంటి నుంచి డబ్బు ఎలా, ఎప్పుడు

చిన్న ఊళ్లలో అన్ని బ్యాంకు బ్రాంచీల్లోనూ విదేశానికి పంపే పని జరగదు. మా బ్రాంచీవాళ్లు బరంపురం వెళ్లమన్నారు. జూన్‌లోనే మీ బ్రాంచీలో అడిగి, నాన్న ఖాతాకి ఆన్‌లైన్ పంపే వీలు చేయించుకోండి. ప్రతిసారీ ఒకే ఫీజు పడుతుంది కాబట్టి నెలనెలా కొంచెం పంపడం కంటే మూడు నాలుగు నెలలకోసారి పంపడం మేలు. మా ఇంట్లో జులై, నవంబర్, ఫిబ్రవరి అనుకున్నాం. జీడి డబ్బు చేతిలో ఉండగానే జులైలో పెద్ద మొత్తం పక్కన పడింది.

ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరి పాన్ మీద విదేశానికి పంపింది 10 లక్షలు దాటితే, దాటిన భాగం మీద బ్యాంకు టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్ నుంచి ఈ పరిమితి. బ్యాంకు విద్యారుణంతో పంపితే టీసీఎస్ లేదు. పట్టుకున్నది పోదు, రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. సెప్టెంబర్ కోర్సు రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది కాబట్టి మార్చి 31కి ముందు కొంత, తర్వాత కొంత పంపితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

రేటు విషయంలో, ఇవాళ్టి పౌండు ధరకి ఐదు రూపాయలు కలిపి ఇంటికి చెప్పండి. నేను 110కి లెక్క వేసి వెళ్లాను, ఏడాదిలో అది ఎక్కడో మీదికి పోయింది.

నాలుగో పేజీ: చివరి నెల

ఈ పేజీ నేను బయల్దేరినప్పుడు లేదు. చదువయ్యాక అక్కడే పని వెతుక్కోవాలంటే గ్రాడ్యుయేట్ వీసా పెట్టుకోవాలి. దాని ఫీజు నేను కట్టిన 2025లో 880 పౌండ్లు. ఆరోగ్య సర్‌చార్జి ఈసారి ఏడాదికి 1,035, రెండేళ్లకి 2,070. రెండూ ఒకేరోజు కట్టాలి, నాకు 2,950 అయింది. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసే మాస్టర్స్ వాళ్లకి ఈ వీసా రెండేళ్లు కాదు, 18 నెలలే, కాబట్టి సర్‌చార్జి కూడా కొంత తగ్గుతుంది. విద్యార్థి వీసా గడువు ముగిసేలోపు, కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ ప్రభుత్వానికి తెలిపాకే ఇది పెట్టాలి. అంటే ఎప్పుడు కట్టాలో మీ చేతిలో ఉండదు, డబ్బు మాత్రం సిద్ధంగా ఉండాలి. కోర్సు ముగిసిన తేదీ నుంచి మీరు కౌన్సిల్ ట్యాక్స్‌కి విద్యార్థి కారు, అదీ గుర్తుపెట్టుకోండి.

ఏప్రిల్‌లో ఈ సంగతి తెలిసిన రాత్రే నాన్నకి ఫోన్ చేశాను. గది కోసం పోగొట్టుకున్న 200 సంగతి చెప్పడానికి పట్టినంత కాలం ఈసారి పట్టలేదు. సీజను నడుస్తోంది, గోడౌన్‌లో బస్తాలు దింపుతున్న చప్పుడు వినిపిస్తోంది. "మూడున్నర లక్షలు పక్కన పెడతాను, రాసుకో" అన్నారు. అక్టోబర్‌లో ఆ డబ్బుతోనే కట్టాను.